పాచ్‌క్లాంప్ నుంచి మైక్రోగ్లియాకి మారిన పోస్ట్‌డాక్‌కి నార్‌ఎపినెఫ్రిన్ పని ఎలా నేర్పించాలి?

నీలిచోటు (ప్రశ్న)

మా ల్యాబ్‌లో కొత్త పోస్ట్‌డాక్ చేరారు. పీహెచ్‌డీ మొత్తం మెదడు స్లైసుల మీద పాచ్‌క్లాంప్ (సన్న గాజు పైపెట్టుతో ఒక్కో కణం విద్యుత్తుని కొలవడం), ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఇమ్యునాలజీ మాత్రం ఓనమాల నుంచి మొదలుపెట్టాలి. మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ నుంచి కార్టెక్స్‌కి వచ్చే నార్‌ఎపినెఫ్రిన్ అనే నాడీ రసాయనం (పొడుగు పేరు, ఇకపై ఎన్‌ఈ) మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు) మీది బీటా-2 రిసెప్టర్ ద్వారా ఏం చేస్తుంది, ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఆ పని మారుతుందా అన్నది ప్రాజెక్టు. మొదటి ఏడాదికి శిక్షణ ప్రణాళిక రాయాలి. నాలుగు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, బీవీ2 కణాలతో (ల్యాబ్‌లో ఎప్పటికీ పెరిగే మైక్రోగ్లియా రకం) మొదలుపెట్టించాలా, నేరుగా ప్రైమరీ మైక్రోగ్లియాకి (ఎలుక మెదడు నుంచి తీసినవి) వెళ్లాలా?

రెండు, ప్రైమరీ కల్చర్‌లో ఎల్‌పీఎస్ (ఇన్‌ఫ్లమేషన్ పుట్టించే బ్యాక్టీరియా పదార్థం) 1 మైక్రోగ్రాము/మి.లీ., దానికి ముందు ఎన్‌ఈ 10 మైక్రోమోలార్ ఇస్తున్నాం. ఒక బ్యాచ్‌లో టీఎన్‌ఎఫ్ (ఇన్‌ఫ్లమేషన్ సైటోకైన్, అంటే రోగనిరోధక సంకేత ప్రోటీన్) సగానికి పడుతుంది, తర్వాతి బ్యాచ్‌లో కదలికే ఉండదు. తప్పు ఎక్కడుంది?

మూడు, టూ-ఫోటాన్ (బతికున్న మెదడు లోతుని చూసే మైక్రోస్కోపు) ఉంది, సీఎక్స్3సీఆర్1-జీఎఫ్‌పీ ఎలుకలున్నాయి (వీటి మైక్రోగ్లియా పచ్చగా వెలుగుతాయి). ఇప్పటిదాకా ఐసోఫ్లూరేన్ మత్తు ఇచ్చే ఇమేజింగ్ చేస్తున్నాం. మెలకువలో చెయ్యడం తప్పనిసరా?

నాలుగు, మైక్రోగ్లియాలో మాత్రమే బీటా-2 తీసెయ్యాలంటే ఏ క్రీ లైను (ఎంచుకున్న కణాల్లో మాత్రమే జన్యువుని కత్తిరించే క్రీ ఎంజైమున్న ఎలుకల వంశం)?

సీరంలేని సుబ్బయ్య

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మీరిచ్చిన రెండు అంకెల్లోనే సగం జవాబుంది.

ఎల్‌పీఎస్ 1 మైక్రోగ్రాము చాలా ఎక్కువ. ఎల్‌పీఎస్‌ని గుర్తించే టీఎల్‌ఆర్4 రిసెప్టర్ దారి అప్పటికే నిండిపోయి ఉంటుంది. జాతర డప్పుల మధ్య నిలబడి చెవిలో మాట చెప్పినట్టు, ఎన్‌ఈ ఏం చెప్పినా కణానికి వినపడదు. ప్రతి కొత్త ఎల్‌పీఎస్ లాట్‌కి 1, 3, 10, 30, 100 నానోగ్రాములు/మి.లీ. దగ్గర టీఎన్‌ఎఫ్ కొలిచి ఒక వక్రరేఖ గీయించండి. గరిష్ఠంలో సగం వచ్చే మోతాదు దగ్గరే ఎన్‌ఈ ప్రయోగం చెయ్యాలి. టీఎన్‌ఎఫ్‌కి పైనీరు (కణాల మీది మీడియం) 4 నుంచి 6 గంటల మధ్య తీస్తే చాలు, ఎల్‌పీఎస్‌కి 15 నుంచి 30 నిమిషాల ముందు ఎన్‌ఈ. ఐఎల్-1 బీటా (ఇంకో సైటోకైన్) కావాలంటే కథ వేరు. ఎల్‌పీఎస్ ఒక్కటే ఇస్తే అది కణం లోపలే ఉండిపోతుంది, చివరి అరగంట 5 మిల్లీమోలార్ ఏటీపీ ఇస్తేగానీ బయటికి రాదు.

ఇక ఎన్‌ఈ 10 మైక్రోమోలార్ అన్నారు. అది నిజంగా 10 అయితేనే కదా! మూడు చోట్ల మోసం జరుగుతుంది.

మొదటిది తూకం. బైటార్ట్రేట్ మోనోహైడ్రేట్ అణుభారం 337.28, హైడ్రోక్లోరైడ్‌ది 205.64, ఉప్పు లేని ఎన్‌ఈది 169.18. మిల్లీలీటరు 10 మిల్లీమోలార్ స్టాకుకి బైటార్ట్రేట్ 3.37 మి.గ్రా. కావాలి. పాత నోట్‌బుక్‌లో 1.69 అని ఉంటే మీరు వేస్తున్నది సరిగ్గా సగం. సీసా మీద డీఎల్ అని ఉందా, ఎల్ అని ఉందా అన్నదీ చూడండి. డీఎల్‌లో సగం దాదాపు పనిచెయ్యని రూపం. ఈ రెండు పొరపాట్లూ కలిస్తే పావు వంతు మిగులుతుంది.

రెండోది ఆక్సీకరణ. కాటెకాల్ కాబట్టి గాలి, వెలుతురు, తటస్థ పీహెచ్ మూడూ దానికి శత్రువులే. స్టాకుని 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి, ఐసు మీద, రేకు చుట్టి, ఏ రోజుకారోజు తయారుచెయ్యాలి. గులాబీ రంగు తిరిగితే పారబొయ్యండి. మీడియంలో కూడా గంటల్లోనే పాడవుతుంది, పోతూపోతూ హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదల చేస్తుంది. 100 మైక్రోమోలార్ ఇచ్చి టీఎన్‌ఎఫ్ తగ్గిందంటే, అది రిసెప్టర్ పనో కణాల చావో ముందు తేల్చాలి. ఎల్‌డీహెచ్ (చచ్చిన కణాల నుంచి కారే ఎంజైము) కొలత, పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే కెటలేజ్ కలిపిన బావి (కల్చర్ ప్లేటులోని గుంట) ఒకటి, ఆస్కార్బిక్ ఒక్కటే ఉన్న బావి ఒకటి తప్పనిసరి.

మూడోది రిసెప్టర్ స్వభావం. బీటా-2 దగ్గర ఎపినెఫ్రిన్‌తో పోలిస్తే ఎన్‌ఈ బలహీనం. అందుకే నానోమోలార్ దగ్గర ఏమీ కనపడకపోవడం వింత కాదు. 10 నానోమోలార్ నుంచి 10 మైక్రోమోలార్ దాకా అర-లాగ్ మెట్లలో మొత్తం వక్రరేఖ గీయాలి. ఒక్క మోతాదుతో చేసిన ప్రయోగాన్ని శిక్షణలో ఒప్పుకోకండి.

తప్పు సీసాలో ఉందా, కణాల్లో ఉందా అని తేల్చడానికి ఒక చిట్కా. పక్క బావిలో ఫార్మోటెరాల్ 10 నానోమోలార్ పెట్టండి. అది బీటా-2ని బలంగా పట్టుకుంటుంది, కాటెకాల్ కాదు కాబట్టి తొందరగా చెడదు. ఐసోప్రోటెరినాల్ ఈ పనికి రాదు, అదీ కాటెకాలే. ఫార్మోటెరాల్ పనిచేసి ఎన్‌ఈ పనిచెయ్యకపోతే సీసా చెడింది. రెండూ పనిచెయ్యకపోతే కణాలు చెడ్డాయి.

కణాలు చెడటం అంటే ఎక్కువసార్లు శుద్ధత సమస్యే. 1 నుంచి 3 రోజుల పిల్లల కార్టెక్స్, పీడీఎల్ (కణాలు అంటుకునే పూత) పూసిన టీ75 ఫ్లాస్కు, 10 శాతం సీరం, 10 నుంచి 14 రోజులు, తర్వాత 180 ఆర్‌పీఎమ్ దగ్గర గంటసేపు ఊపడం. ఇది అందరికీ తెలిసిన వంటకమే. చెడేది మెనింజెస్ (మెదడు మీది పొర) దగ్గర. ఆ పొరని మైక్రోస్కోపు కింద పూర్తిగా ఒలవకపోతే ఫైబ్రోబ్లాస్టులు, వేరే మాక్రోఫేజులు (చెత్తని మింగే రోగనిరోధక కణాలు) చేరతాయి. మరీ గట్టిగా ఊపితే ఆస్ట్రోసైట్లు ఊడివస్తాయి, వాటి మీదా బీటా రిసెప్టర్లున్నాయి. ప్రతి బ్యాచ్‌లో రెండు కవర్‌స్లిప్పులు పక్కన పెట్టి ఐబా1 (మైక్రోగ్లియా గుర్తు), జీఎఫ్‌ఏపీ (ఆస్ట్రోసైట్ల గుర్తు) రంగు వెయ్యండి. మైక్రోగ్లియా 95 శాతం కంటే తక్కువైతే ఆ బ్యాచ్ లెక్కలోకి రాదు.

ఒక్కమాటలో చెప్పాలంటే మొదటి నెల సైటోకైన్ కొలవనివ్వకండి. సీఏఎంపీ (బీటా-2 మేల్కొంటే కణం లోపల పెరిగే సంకేత అణువు) కొలిపించండి. పది నిమిషాల్లో తేలిపోతుంది, నేరుగా సీఏఎంపీని పెంచే ఫార్స్కోలిన్ 10 మైక్రోమోలార్ పాజిటివ్ కంట్రోల్. సీఏఎంపీని విరగ్గొట్టే ఫాస్ఫోడైఎస్టరేజ్‌ని ఆపడానికి అందరూ ఐబీఎమ్‌ఎక్స్ అందుకుంటారు, కానీ అది అడినోసిన్ రిసెప్టర్లని కూడా అడ్డుకుంటుంది. మైక్రోగ్లియా చుట్టూ ఏటీపీ విరిగి అడినోసిన్ అవుతూనే ఉంటుంది కదా! రోలిప్రామ్ మేలు. బీటా-2ని అడ్డుకునే మందుగా ఐసీఐ-118,551ని 100 నానోమోలార్ దగ్గర అరగంట ముందు ఇవ్వండి. మైక్రోమోలార్‌కి పెంచితే బీటా-1ని కూడా పట్టేస్తుంది.

సీరం వద్దంటే టీజీఎఫ్-బీటా2 2 నానోగ్రాములు, ఐఎల్-34 100 నానోగ్రాములు, కొలెస్టరాల్ 1.5 మైక్రోగ్రాములు, మూడూ మిల్లీలీటరుకి. ఇది 2017లో వచ్చిన పద్ధతి. కణాలు కొమ్మలు వేస్తాయి. సీరంలో పెరిగిన మైక్రోగ్లియా ఉండల్లా గుండ్రంగా ఉంటాయి, ఎన్‌ఈ వల్ల కొమ్మ ముడుచుకుందా అని వాటిని అడిగి లాభం లేదు.

మొదటి ప్రశ్నకి: బీవీ2 రెండు వారాలు చాలు. పైపెట్టు, ఎలీజా స్టాండర్డ్ వక్రరేఖ, సీఏఎంపీ కిట్ అలవాటు పడటానికి మాత్రమే.

గాజుకిటికీ

సుబ్బయ్య గారితో బీవీ2 దగ్గర నాకు పేచీ ఉంది. ఆ రెండు వారాలు కూడా దండగే. వైరస్‌తో చావులేకుండా చేసిన కణాలవి, జన్యు వ్యక్తీకరణలో మెదడులోని మైక్రోగ్లియాకి చాలా దూరం. పైగా చేతికొచ్చిన తొలి ఫలితం మీద మనిషికి మమకారం ఏర్పడుతుంది, బీవీ2 గ్రాఫు ఏడాది తర్వాత కూడా స్లైడుల్లో కనిపిస్తుంది. మీ పోస్ట్‌డాక్‌కి స్లైసులు వచ్చు. మొదటి వారం నుంచే స్లైసులోకి దింపండి, కల్చర్ పక్కన నడుస్తుంది.

అయితే స్లైసులో మైక్రోగ్లియా న్యూరాన్‌లాంటివి కావని ముందే చెప్పాలి. పైపొరలో కోత గాయానికి అవి నిమిషాల్లో స్పందిస్తాయి. ఉపరితలం నుంచి కనీసం 50 మైక్రాన్ల లోతున, కోసిన రెండు మూడు గంటల లోపే చూడాలి. న్యూరాన్లకి అలవాటైన "ఆరు గంటలు నడుస్తుంది" లెక్క ఇక్కడ చెల్లదు. పాచ్ చేస్తే పొర వోల్టేజి మైనస్ 40 మిల్లీవోల్టుల దగ్గర, ఇన్‌పుట్ నిరోధం గిగాఓమ్‌లలో ఉంటుంది. సీల్ నిరోధం కూడా ఆ స్థాయిలోనే కాబట్టి చిన్న లీకు కూడా వోల్టేజిని తప్పుగా చూపిస్తుంది. న్యూరాన్ల కోసం కలిపిన ఇంటర్నల్ సొల్యూషన్‌లో ఏటీపీ ఉంటుంది. ముందుకి తోస్తూ వెళ్లే పాజిటివ్ ప్రెషర్‌తో అది బయటికి చిమ్మితే చుట్టుపక్కల కొమ్మలన్నీ పైపెట్టు మొన దగ్గరికి వచ్చేస్తాయి. ఎన్‌ఈ ఇచ్చినప్పుడు కొమ్మలు కదిలాయని సంబరపడేముందు పైపెట్టు లేని స్లైసులో చూడాలి.

మూడో ప్రశ్నకి సూటిగా జవాబు: తప్పనిసరి. మీరు అడిగేది ఎన్‌ఈ గురించి, మత్తిస్తే దాని విడుదలే పడిపోతుంది. 2019లో నేచర్ న్యూరోసైన్స్‌లో రెండు పేపర్లు వచ్చాయి, ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి, రెండోది మిన్నెసోటాలోని మేయో క్లినిక్ నుంచి. మేయో ఉన్న ఊరి పేరు కూడా రోచెస్టరే, కొత్తవాళ్లు రెండూ ఒకే ల్యాబ్ అనుకుంటారు. మెలకువలో ఉన్న ఎలుకలో ఎన్‌ఈ బీటా-2 ద్వారా మైక్రోగ్లియా కొమ్మల్ని ముడిచి ఉంచుతుందని, మత్తులో ఆ పట్టు సడలి అవి చాచుకుంటాయని రెండూ చూపించాయి. 2005లో కొమ్మల కదలికని తొలిసారి బతికున్న మెదడులో చూపించిన రికార్డింగులు మత్తు ఇచ్చిన ఎలుకల్లోవి. మనం చాలాకాలం "విశ్రాంతి స్థితి" అన్నది నిజానికి మత్తు స్థితి.

కానీ ఐసోఫ్లూరేన్‌కీ మెలకువకీ తేడా కనిపించగానే అదంతా ఎన్‌ఈ పనే అనుకోకండి. కొమ్మల కదలికకి థిక్-1 అనే పొటాషియం చానల్ కావాలి. వాయు మత్తుమందులు దాన్ని అడ్డుకుంటాయి, హాలోథేన్‌తో ఆగుతుందనే దానికా పేరు. అంటే ఒకే మందు రెండు దారుల్లో, బహుశా ఎదురెదురు దిశల్లో లాగుతుంది. మత్తు పోలిక ఒక్కటే సరిపోదు. మెలకువలో ఉంచి బీటా-2 అడ్డుకునే ప్రయోగం కావాలి.

మెలకువ ఇమేజింగ్‌లో అసలు చిక్కు మైక్రోస్కోపు కాదు, భయం. తల బిగించిన ఎలుక భయపడితే ఎన్‌ఈ ఎగబాకుతుంది. అలవాటు చెయ్యని ఎలుకలో మీరు కొలిచేది ఒత్తిడి. మొదటి రోజు 10 నిమిషాలు, రోజురోజుకీ పెంచుతూ వారంలో గంటకి తీసుకురండి. కాళ్ల కింద తిరిగే చక్రం ఉంటే మంచిది. ప్రతి సెషన్‌లో కంటిపాప వ్యాసం, పరుగు వేగం రికార్డు చెయ్యాలి. కంటిపాప లోకస్ సెరూలియస్‌కి చవకైన సూచిక. డబ్బుంటే గ్రాబ్-ఎన్‌ఈ (ఎన్‌ఈ తగిలితే వెలిగే) సెన్సర్‌ని ఏఏవీ వైరస్‌తో ఎక్కించి నేరుగా చూడొచ్చు, కానీ అది కూడా జీఎఫ్‌పీ రంగే కాబట్టి మీ సీఎక్స్3సీఆర్1-జీఎఫ్‌పీ ఎలుకల్లో రెండూ కలిసిపోతాయి. వేరే ఎలుకల్లో చెయ్యండి. రోజూ ఒకే గంటకి ఇమేజింగ్ పెట్టండి, పగలు నిద్రపోయే జంతువది.

కిటికీ సంగతి: 3 మి.మీ. గాజు పెట్టాక మూడు నాలుగు వారాలు ఆగాలి. ముందే చూస్తే శస్త్రచికిత్స వాపునే చూస్తారు. కణాలు సమాన దూరంలో ఉండి, కొమ్మలు నాలుగు వైపులా పరుచుకుంటేనే ఆ ఎలుకని వాడండి. కొమ్మలన్నీ పైకి గాజువైపు తిరిగి ఉంటే పక్కన పెట్టెయ్యండి. 920 నానోమీటర్లు, నమూనా దగ్గర 30 మిల్లీవాట్ల లోపు, పయా (మెదడుని అంటిపెట్టుకున్న పలచటి పొర) కింద 50 నుంచి 150 మైక్రాన్లు, 30 మైక్రాన్ల మందం, 1 నుంచి 1.5 మైక్రాన్ల మెట్టు, నిమిషానికో స్టాకు, 20 నుంచి 30 నిమిషాలు. కొమ్మలు ఇమేజింగ్ ఫీల్డు మధ్యకి చేరుతున్నాయంటే లేజర్ కాలుస్తోందని అర్థం.

మోటిలిటీ లెక్క తేలిక: వరస ఫ్రేముల్ని బైనరీ చేసి, కొత్తగా వచ్చిన పిక్సెళ్లు, పోయిన పిక్సెళ్లు కలిపి, మారని వాటితో భాగించడం. ఎలుక నమిలితే, నాకితే ఫ్రేము జరుగుతుంది, ఆ జరుగుడంతా "మోటిలిటీ" అయిపోతుంది. మెలకువలో ఎక్కువ కదలిక వచ్చిందంటే నేను ముందు అనుమానించేది ఆ జరుగుడునే. రక్తనాళాల్లో 70 కిలోడాల్టన్ల టెక్సాస్ రెడ్ డెక్స్‌ట్రాన్ వేసి, అదే సూత్రం ఎర్ర చానల్ మీద కూడా నడపండి. నాళాలు కదలవు కాబట్టి అక్కడ వచ్చిన అంకె మీ పొరపాటు స్థాయి. ఇది పోస్ట్‌డాక్ తొలి నెలలో చెయ్యాల్సిన పని, రివ్యూయర్ అడిగాక కాదు.

మందులు పొట్టలోకి ఇస్తే గుండె, రక్తనాళాలు, ప్లీహంలోని రోగనిరోధక కణాలు అన్నింటి మీదా బీటా-2 ఉంది. ప్రొప్రనలాల్ మెదడులోకి వెళ్తుంది, నాడోలాల్ పెద్దగా వెళ్లదు. రెండింటినీ జంటగా వాడితే మెదడు వెలుపలి ప్రభావం ఎంతో తెలుస్తుంది.

ఐఏఈసీ (సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక కమిటీ) దరఖాస్తులో తల బిగించే నిమిషాలు, అలవాటు రోజులు, ఆపెయ్యాల్సిన పరిస్థితులు ముందే రాయండి. లేకపోతే నడిమధ్యలో సవరణకి వెళ్లాల్సి వస్తుంది.

నీలిచోటు

చాలా ఉపయోగం అండి. ఒక సందేహం. కిటికీ సర్జరీకి, పర్ఫ్యూజన్‌కి (మెదడుని భద్రపరచడానికి రక్తనాళాల్లోకి ఫిక్సేటివ్ ఎక్కించడం) మేం కీటమిన్-జైలజీన్ మత్తు వాడతాం. ఇమేజింగ్‌కి వాడం కదా, ఫర్వాలేదా?

గాజుకిటికీ

సర్జరీకి ఫర్వాలేదు, మూడు వారాల తర్వాత దాని జాడ ఉండదు. పర్ఫ్యూజన్‌కి మాత్రం మానెయ్యండి. జైలజీన్ ఆల్ఫా-2 అగోనిస్టు, అంటే ఆ రిసెప్టర్‌ని మేల్కొల్పేది. లోకస్ సెరూలియస్ తన మీదున్న ఆల్ఫా-2 ద్వారానే తనని తాను ఆపుకుంటుంది, జైలజీన్ ఇస్తే ఎన్‌ఈ విడుదల పడిపోతుంది. డెక్స్‌మెడిటోమిడిన్‌ కూడా అంతే. అంటే ఎన్‌ఈ ప్రయోగం చేసి, చివరి పది నిమిషాల్లో ఎన్‌ఈని మీరే మార్చి, ఆ తర్వాత కొమ్మల పొడవు కొలుస్తున్నారన్నమాట. మైక్రోగ్లియా కొమ్మలు నిమిషాల్లో మారతాయి. ఇంజెక్షన్ నుంచి ఫిక్సేటివ్ దాకా పట్టిన సమయం ప్రతి ఎలుకకీ రాసి, గ్రూపుల మధ్య సమానంగా ఉంచాలి.

ఇంకోటి, ఇన్‌ఫ్లమేషన్‌లో మారుతుందా అన్నారు. 2013లో వచ్చిన పని ప్రకారం ప్రశాంతంగా ఉన్న మైక్రోగ్లియా బీటా-2 ద్వారా కొమ్మలు ముడుస్తాయి, ఎల్‌పీఎస్ తగిలిన వాటిలో ఆల్ఫా-2ఏ ముందుకొస్తుంది. అప్పుడు జైలజీన్ మైక్రోగ్లియానే నేరుగా తాకుతుంది. మీ ప్రాజెక్టు రెండో సగానికి అది విషమే.

కాలనీ కాపరి

నాలుగో ప్రశ్న. సీఎక్స్3సీఆర్1-క్రీఈఆర్‌టీ2 (టామోక్సిఫెన్ మందు ఇస్తే మేల్కొనే క్రీ) బాగా పనిచేస్తుంది కాబట్టే అందరి దగ్గరా ఉంది, కానీ ఆ జన్యువు మైక్రోగ్లియాది మాత్రమే కాదు. మోనోసైట్లలో, మెనింజెస్‌లో, రక్తనాళాల పక్కనుండే మాక్రోఫేజుల్లో కూడా ఉంటుంది. టామోక్సిఫెన్ ఇచ్చాక నాలుగు వారాలు ఆగితే ఎముకమజ్జ నుంచి వచ్చిన కొత్త మోనోసైట్లు పాతవాటి స్థానంలోకి వస్తాయి, మైక్రోగ్లియా నెమ్మదిగా మారతాయి కాబట్టి వాటిలో జన్యువు పోయే ఉంటుంది. అంచుల్లోని మాక్రోఫేజులు మాత్రం ఈ ఎదురుచూపుతో పోవు. అది ఒప్పుకుని రాయాలి, లేదా పీ2ఆర్‌వై12, టీమెమ్119 క్రీఈఆర్ లైన్లలో ఒకదానితో కీలక ప్రయోగాన్ని మళ్లీ చెయ్యాలి.

మోతాదు: మొక్కజొన్న నూనెలో 20 మి.గ్రా./మి.లీ., 37 డిగ్రీల దగ్గర రాత్రంతా చీకట్లో ఊపి కరిగించాలి. కిలోకి 100 మి.గ్రా. చొప్పున 25 గ్రాముల ఎలుకకి 125 మైక్రోలీటర్లు, రోజుకోసారి ఐదు రోజులు. గింజలు తేలుతున్న ద్రావణం ఎక్కిస్తే సగం ఎలుకల్లో జన్యువు పోదు, ఎందుకో ఆర్నెల్లు అర్థం కాదు.

పుట్టిన తొలి రోజుల్లో టామోక్సిఫెన్ ఇచ్చే ఆలోచన ఉంటే బెంగళూరు ఎన్‌సీబీఎస్ నుంచి 2022లో వచ్చిన పని చదివించండి. ఆ వయసులో ఈ క్రీని మేల్కొల్పితేనే డీఎన్‌ఏ దెబ్బతిని, ఇంటర్‌ఫెరాన్ స్పందన వచ్చి, మైక్రోగ్లియా యాక్టివేట్ అవుతాయి. ఫ్లాక్స్ చేసిన (క్రీ కత్తిరించేలా గుర్తులు పెట్టిన) జన్యువు లేకపోయినా సరే. కాబట్టి కంట్రోలు "క్రీ లేని తోబుట్టువు" ఒక్కటే కాదు. క్రీ ఉండి, టామోక్సిఫెన్ పడి, ఫ్లాక్స్ లేని ఎలుక కావాలి. క్రీ ఉండి, ఫ్లాక్స్ ఉండి, నూనె మాత్రమే పడినది కూడా కావాలి, లీకు తెలియడానికి. మీ జీఎఫ్‌పీ లైనులోనూ, ఈ క్రీ లైనులోనూ ఒక సీఎక్స్3సీఆర్1 ప్రతి పోయే ఉంటుంది. రెండూ ఒకే ఎలుకలో కలిపితే ఆ రిసెప్టర్ పూర్తిగా లేని ఎలుక తయారవుతుంది. కొత్తవాళ్లు ఆ క్రాసు కనీసం ఒకసారి ప్లాన్ చేస్తారు. బ్రీడింగ్ చార్టు మీద ముందే ఎర్ర గీత గీసి పెట్టండి.

జన్యువు పోయిందని చూపించడానికి బీటా-2 యాంటీబాడీ కొనకండి. జీపీసీఆర్ (బీటా-2 చేరే రిసెప్టర్ కుటుంబం) యాంటీబాడీల్లో చాలావాటికి నాకౌట్ కణజాలం కూడా రంగెక్కుతుంది. సీడీ11బీ ఉండి సీడీ45 తక్కువున్న కణాల్ని (అంటే మైక్రోగ్లియాని) వేరుచేసి డీఎన్‌ఏలో ఎక్సాన్ పోయిందా చూడండి, అవే కణాల్లో ఫార్మోటెరాల్‌కి సీఏఎంపీ లేవకపోవడం చూపించండి. రెండోదే నిజమైన రుజువు.

కణాలు వేరుచేసేటప్పుడు ఇంకో గొయ్యి. 37 డిగ్రీల దగ్గర ఎంజైముతో మెదడుని విడదీస్తే మైక్రోగ్లియాలో ఫాస్, జున్, సీసీఎల్3, సీసీఎల్4 అనే జన్యువులు ఎగిసిపడతాయి. సీఏఎంపీ నుంచి క్రెబ్ అనే ప్రోటీన్ ద్వారా మేల్కొనే జన్యువుల్లో కూడా ఫాస్ ఉంది! మీరు వెతికే సంకేతం, మీ చేతులు పుట్టించే సంకేతం ఒకచోటే ఉన్నాయి. మొత్తం పని ఐసు మీద డౌన్స్ హోమోజినైజర్‌తో చెయ్యాలి. ఎంజైము తప్పదంటే ఆక్టినోమైసిన్ డీ, ట్రిప్టోలైడ్, అనిసోమైసిన్ మూడూ పర్ఫ్యూజన్ నుంచే కలపాలి, 2022లో ఆ పద్ధతి వచ్చింది. అవి విషాలు, గ్లోవ్స్ లేకుండా ముట్టనివ్వకండి.

డీఎస్‌పీ-4 అనే నాడీ విషంతో లోకస్ సెరూలియస్ తీగల్ని చంపుదామనుకుంటే, చచ్చిన ఆక్సాన్ల చెత్తని ఊడ్చేది మైక్రోగ్లియానే అని గుర్తుంచుకోండి. దాని తర్వాతి వారాల్లో కనిపించే మార్పు ఎన్‌ఈ లేకపోవడం వల్లో, చెత్త వల్లో విడదియ్యలేరు. డ్రెడ్ రిసెప్టర్లు (సీఎన్‌ఓ మందుతో మేల్కొల్పే కృత్రిమ రిసెప్టర్లు) మేలు, కానీ సీఎన్‌ఓ శరీరంలో కొంత క్లోజపిన్‌గా మారుతుంది, క్లోజపిన్ ఆల్ఫా-1ని అడ్డుకుంటుంది. డ్రెడ్ లేని ఎలుకకి కూడా అదే మోతాదు పడాలి.

ఎన్ అంటే ఎలుకే

పైవాళ్లంతా చేతిపని చెప్పారు. లెక్క దగ్గర పడిపోయే చోటు ఒక్కటే, కానీ చాలామంది పడతారు.

గ్రూపుకి 5 ఎలుకలు, ఒక్కోదానిలో 20 కణాలు, మొత్తం 100 కణాలు. షోల్ వక్రరేఖ (కణం నడుమ నుంచి ఎంత దూరంలో ఎన్ని కొమ్మలున్నాయో చూపేది) గీసి ఎన్ (నమూనాల సంఖ్య) 100 అని రాస్తారు. ఒకే ఎలుకలోని కణాలు ఒకదానికొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక 0.3 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (ఆ పోలిక వల్ల కణాల లెక్కని ఎంతతో భాగించాలో చెప్పే అంకె) 1 + 19 × 0.3, అంటే 6.7. మీ 100 కణాల విలువ దాదాపు 15. ఎలుకకి 20కి బదులు 60 కణాలు గీస్తే? డిజైన్ ఎఫెక్ట్ 18.7, 300 కణాల విలువ 16. మూడింతలు చాకిరీ చేసి ఒక్క కణం లాభం. ఆ సమయంతో ఇంకో మూడు ఎలుకలు చెయ్యొచ్చు. ఈ లెక్క పోస్ట్‌డాక్ చేత కాగితం మీద చేయించండి, తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు. విశ్లేషణలో ఎలుకని రాండమ్ ఎఫెక్టుగా పెట్టిన మిశ్రమ నమూనా వాడాలి. కల్చర్‌లో ఎన్ అంటే బావి కాదు, విడివిడిగా తయారుచేసిన బ్యాచ్.

కణాలు గీయడం కంటి మీద ఆధారపడుతుంది. గ్రూపు పేర్లు దాచి 30 కణాలు గీయించండి, పది రోజుల తర్వాత అవే 30 క్రమం మార్చి మళ్లీ గీయించండి. మొత్తం కొమ్మల పొడవులో సగటు తేడా 10 శాతం దాటితే అసలు డేటా ముట్టుకోనివ్వకండి. 40 మైక్రాన్ల సెక్షన్‌లో పైకీ కిందకీ తెగిపోయిన కణాల్ని వదిలెయ్యాలి. మాక్సిమమ్ ప్రొజెక్షన్ మీద గీస్తే పక్క కణం కొమ్మ కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి మూడు కొలతల్లో గీయాలి. ఐబా1 రంగు బలహీనంగా పడిన సెక్షన్‌లో సన్నకొమ్మలు కనపడవు, అది "ముడుచుకోవడం"లా కనిపిస్తుంది. అన్ని గ్రూపుల సెక్షన్లూ ఒకే గిన్నెలో, ఒకే రోజు రంగు పడాలి.

మగ, ఆడ ఎలుకలు రెండూ పెట్టండి, కానీ 3 మగ 2 ఆడ పెట్టి తేడా లేదని రాయకండి.

నీలిచోటు

ఇవన్నీ ఒక ఏడాదిలో ఏ వరసలో పెట్టాలో చెప్తారా? ఇంకో ఏడాదికి అమెరికా ఎన్‌ఐహెచ్ వారి కె99 పరిశోధన గ్రాంటుకి దరఖాస్తు పెట్టే ఆలోచన కూడా ఉంది వాళ్లకి, అక్కడి ల్యాబ్‌కి మారాక.

సీరంలేని సుబ్బయ్య

నేనైతే నెలలు కాదు, గేట్లు పెడతాను. గేటు దాటితేనే తర్వాతిది.

మొదటి గేటు సీఏఎంపీ. మూడు వేర్వేరు బ్యాచ్‌లలో ఎన్‌ఈ వక్రరేఖ ఒకదాని మీద ఒకటి పడాలి, ఐసీఐ దాన్ని కుడివైపు జరపాలి. గాజుకిటికీ గారి మాట మన్నించి బీవీ2 తీసేశాను, సంతోషమేనా? కొత్తవాళ్లకి దీనికి పది పన్నెండు వారాలు పడుతుంది, కంగారుపడకండి. దీనితోపాటే స్లైసు పని నడుస్తుంది. అక్కడ గేటు ఏమిటంటే, పైపెట్టు లేని స్లైసులో ఎన్‌ఈ ఇచ్చినప్పుడు కొమ్మలు ముడుచుకోవడం, ఐసీఐ ముందుంటే ముడుచుకోకపోవడం, ఆస్కార్బిక్ ఒక్కటే ఇస్తే ఏమీ కాకపోవడం.

రెండో గేటు ఎన్ అంటే ఎలుకే గారు చెప్పిన 30 కణాల పరీక్ష. దీనికి కొత్త జంతువులక్కర్లేదు, ల్యాబ్‌లో మిగిలిన పాత సెక్షన్లు చాలు. ఇది ఒక్కటి మొదటి గేటు కోసం ఆగక్కర్లేదు, మొదటి నెలలోనే పెట్టండి.

మూడోది కిటికీ. నాలుగో నెలలో సర్జరీ మొదలుపెడితే ఆరో నెలకి వాడదగ్గ కిటికీలు వస్తాయి. తొలి పది సర్జరీల్లో సగం పోతాయనుకుని ఎలుకల సంఖ్య ఐఏఈసీకి అడగండి. గేటు: అలవాటైన ఎలుకలో వరసగా రెండు రోజుల మోటిలిటీ అంకెలు కలవాలి, నాళాల చానల్ పొరపాటు దానికి బాగా కింద ఉండాలి.

క్రీ బ్రీడింగ్ మాత్రం మొదటి రోజే మొదలవ్వాలి. కంట్రోళ్లన్నీ కలిపి సరిపడా ఎలుకలు రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు, టామోక్సిఫెన్ తర్వాత ఇంకో నెల. పోస్ట్‌డాక్ మిగతావి నేర్చుకునేలోపు కాలనీ సిద్ధమవుతుంది. ఇది మర్చిపోయి ఆరో నెలలో మొదలుపెడితే ఏడాది అక్కడే పోతుంది. సీక్వెన్సింగ్ తొలి ఏడాదిలో వద్దు.

కె99కి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు, ఎఫ్32 (పోస్ట్‌డాక్ ఫెలోషిప్)కి పౌరసత్వమో గ్రీన్‌కార్డో కావాలి, అక్కడే చాలామంది తికమకపడతారు. కె99 మెంటర్ దగ్గర గరిష్ఠంగా రెండేళ్లు, ఆపైన సొంత ల్యాబ్‌లో ఆర్00 మూడేళ్లు. పోస్ట్‌డాక్‌గా ఎన్నేళ్లు దాటకముందు పెట్టాలన్న గడువు నిబంధన ఉంది. మీ దగ్గర గడిపే ఏడాది కూడా ఆ లెక్కలోకి వస్తుందేమో, వెళ్లబోయే సంస్థ గ్రాంట్ల ఆఫీసుకి ఇప్పుడే రాసి అడగమనండి. దరఖాస్తులో "టూ-ఫోటాన్ నేర్చుకుంటాను" అని రాస్తే చాలదు. ఇంతవరకు రానిది ఏమిటి, ఎవరి దగ్గర, ఏ ప్రయోగంతో, వచ్చిందని ఎలా తెలుస్తుంది అని రాయాలి. పై గేట్లు అక్కడ యథాతథంగా పనికొస్తాయి.

నీలిచోటు

ఎన్‌ఈ సీసా ఇప్పుడే చూశాను. డీఎల్, హైడ్రోక్లోరైడ్. నోట్‌బుక్‌లో మిల్లీలీటరు 10 మిల్లీమోలార్ స్టాకుకి 1.69 మి.గ్రా. అని ఉంది.

సీరంలేని సుబ్బయ్య

అయితే స్టాకు 8.2 మిల్లీమోలార్, అందులో పనిచేసే రూపం 4.1. మీ 10 మైక్రోమోలార్ నిజానికి 4 అన్నమాట, అదీ తాజాగా చేసిన రోజున. ఎల్ బైటార్ట్రేట్ కొత్త సీసా తెప్పించి, మూత మీద అణుభారం మార్కర్‌తో రాసి పెట్టండి.